బావా బావమరిదీ ఎర్ర క్యాలిపర్లూ

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఒక బావ, ఒక బావమరిది ఉండేవారు. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే, ఇద్దరిదీ కృష్ణా జిల్లాయే, ఇద్దరికీ ఒకటే పిచ్చి. ఆ పిచ్చి పేరు 1990 నాటి మాజ్దా మియాటా. రెండే సీట్లు, వెనక్కి మడిచేసే గుడ్డ టాపు, 1.6 లీటర్ల ఇంజను, టన్నుకు కాస్త తక్కువ బరువు. బావది తెల్లది, బావమరిదిది ఎర్రది. రంగు తప్పిస్తే రెండు బండ్లకూ ఏ తేడా లేదు. నీతి కథకు ఇంతకంటే మంచి ఏర్పాటు దొరకదు కనుక వాళ్ల పేర్లతో మనకు పనిలేదు.

ఇద్దరూ మొదటి ట్రాక్ డేకి లగూనా సెకా వెళ్లారు. మాంటెరే పక్క కొండల్లో 1957 నుంచి ఉన్న రేస్ ట్రాక్ అది. చుట్టు 3.6 కిలోమీటర్లు, మలుపులు 11. అక్కడికి వెళ్లొచ్చినవాళ్లంతా కార్క్‌స్క్రూ గురించే చెబుతారు. ఎదర రోడ్డు కనపడకముందే ఎడమకు కోసి, వెంటనే కుడికి విరిచి, బండిని ఐదంతస్తుల లోతుకు దింపేసే జంట మలుపు. ఫొటోలన్నీ అక్కడివే. బ్రేకుల పస తేలేది మాత్రం అక్కడ కాదు. కార్క్‌స్క్రూకి ముందున్నది ఎక్కుడు రోడ్డు. సగం బ్రేకు ఆ ఎక్కుడే వేసిపెడుతుంది. పస తేలేది రెండో మలుపులో. స్టార్ట్ గీత దాటి బండి ఉన్న బలమంతా తీసి పరుగెత్తుతుంది, చిన్న గుట్ట తలమీదుగా వెళ్తుంది, ఆ తర్వాత రోడ్డు దిగుడు. ఆ దిగుడులోనే 160 కిలోమీటర్ల వేగాన్ని 65కి తేవాలి. తెస్తే ఆండ్రెట్టి హెయిర్‌పిన్ తిరుగుతాం. తేలేకపోతే ఎదురుగా మట్టి.

మధ్యాహ్నం మూడో విడతలో బావమరిది ఆ దిగుడులో పెడల్ మీద కాలు వేశాడు. పెడల్ మెత్తగా నేలకంటా దిగిపోయింది. గబగబా రెండు మూడుసార్లు తొక్కితే ఏదో కొంత పట్టింది కానీ, అప్పటికే ఎర్ర బండి మట్టిలో ఉంది. బండికి దెబ్బ తగల్లేదు, పరువుకు తగిలింది.

"బావా, ఇవి బ్రేకులేనా అసలు? ఈ డిస్కులు చూడండి, టిఫిన్ ప్లేటంత లేవు" అన్నాడు హెల్మెట్ తీసి.

మాటలో అబద్ధం లేదు. 1.6 మియాటా ముందు డిస్కు అడ్డకొలత 235 మిల్లీమీటర్లు. బావ ఏమీ అనలేదు. తన పెడల్ కూడా ఆ విడతలో కాస్త లోతుకు దిగడం గమనించి, వేగం తగ్గించుకుని పిట్‌లోకి వచ్చేశాడు ఆయన. జాగ్రత్త మనిషి. బావమరిది మాటల్లో చెప్పాలంటే పిసినారి.

ఆ సాయంత్రం తిరిగొస్తూ గిల్రాయ్ దగ్గర కాఫీకి ఆగినప్పుడే బావమరిది ఫోన్లో ఆర్డర్ పెట్టేశాడు. ముందు చక్రాలకు నాలుగు పిస్టన్ల అల్యూమినియం క్యాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కి పట్టే భాగాలు), ఎర్ర రంగువి. వాటితో 11 అంగుళాల డిస్కులు, అంటే 280 మిల్లీమీటర్ల దగ్గర. పిస్టన్లు రెండు సైజుల్లో ఉన్నాయి: 1.375 అంగుళాలవి, 1.75 అంగుళాలవి. ధర ఒకటే. ధర ఒకటే అయినప్పుడు చిన్నది ఎవడు తీసుకుంటాడు?

ఇక్కడ కథ ఆపి ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే పెద్ద బ్రేకులు కొనేవాళ్లు ఎక్కువగా జారేది ఈ మెట్టు మీదే. రెండు వైపులా పిస్టన్లున్న క్యాలిపర్‌లో ఒక వైపువే లెక్కలోకి తీసుకోవాలి. అవతలి వైపువి వీటికి ఎదురు నిలబడటానికి. కంపెనీ ఇచ్చిన క్యాలిపర్‌లో సుమారు 2 అంగుళాల పిస్టన్ ఒక్కటే ఉంటుంది. దాని ముఖం 3.1 చదరపు అంగుళాలు. 1.375 అంగుళాల పిస్టన్లు రెండు కలిపితే 3 చదరపు అంగుళాలకు అటూ ఇటూ, అంటే కంపెనీ కొలతకు దాదాపు సమానం. 1.75వి రెండు కలిపితే 4.8. ఒకటిన్నర రెట్లు! కానీ పెడల్ వెనకున్న మాస్టర్ సిలిండర్ పాతదే, ఒక తొక్కుకు అది పంపే ఆయిలూ పాత కొలతే. అంత పెద్ద పిస్టన్లను కదపాలంటే పెడల్ ఇంకా లోతుకు దిగాలి. పైగా ముందు చక్రాలకు పట్టు ఒకటిన్నర రెట్లు దాటి పెరిగితే వెనక చక్రాలు ఉన్నచోటే ఉన్నాయి. బండి ముందు కాళ్లతోనే ఆగాలని చూస్తుంది.

పార్సెల్ వచ్చింది. అందులో ఒక కాగితం కూడా వచ్చింది. క్యాలిపర్ ఆకారాన్ని అసలు కొలతలో అచ్చు వేసిన కాగితం అది. దాన్ని అట్టకు అంటించి, కత్తిరించి, చక్రం లోపల పెట్టి తిప్పి చూసుకోవాలి, ఎక్కడైనా తగులుతుందేమోనని. బావమరిది ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి డ్రాయర్లో పెట్టాడు. క్యాలిపర్లు బిగించాక 14 అంగుళాల చక్రం ఎక్కలేదు. 15 అంగుళాల చక్రాలు కొన్నాడు. చక్రాలు కొంటే టైర్లు కొనాలి. అప్పటికి జేబు ఖాళీ. దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా చవకైనవి, ఏళ్ల తరబడి అరగవని పేరున్న గట్టి టైర్లు వేయించాడు.

శుక్రవారం రాత్రి గరాజ్‌లో బ్రేకు గొట్టాల్లో చేరిన ఎయిర్ తీసే పని పెట్టుకున్నాడు. ఇది ఇద్దరి పని. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర నిప్పిల్ వదులు చేసి, బుడగలు బయటికి పోయాక బిగించాలి. అక్కని పిలిచాడు.

"తొక్కు. పట్టుకో... పట్టుకో... ఆఁ, ఇక వదులు."

గంట గడిచింది. సీసాలో ఆయిల్ అయిపోయింది. పెడల్ మాత్రం గట్టిపడలేదు. అక్క విసిగిపోయి దిగొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చక్రం వైపు చూసింది.

"ఒరేయ్, గాలి పైకి పోతుందా, కిందికి పోతుందా?"

"పైకే."

"మరి ఆ పైపు కింద పెట్టావేంట్రా?"

ఎడమ క్యాలిపర్ కుడికీ, కుడిది ఎడమకీ బిగించాడు మహానుభావుడు. నిప్పిల్ అడుగుకు వచ్చింది, గాలి పైన హాయిగా కూర్చుంది. ఎన్ని సీసాలు పోసినా అది కదలదు. విప్పి, మార్చి, మళ్లీ బిగించేసరికి రాత్రి పదకొండు. దుకాణాలు మూసేశారు. గరాజ్ అల్మారాలో పోయినేడాది సగం వాడి మూత పెట్టిన ఆయిల్ సీసా ఒకటి ఉంటే దాన్నే పోసి పని కానిచ్చాడు. అక్క ఈ కథలో మళ్లీ కనపడదు. ఉన్న ముగ్గురిలో నాకు నచ్చింది ఆవిడే, ఏం చేస్తాం.

ఇక బావ సంగతి. ఆయన ముందు కొనలేదు, విప్పాడు. ప్యాడ్లు తీసి చూస్తే సగానికి పైగా ఉన్నాయి, మాడిన జాడ లేదు, అంచులు పొడి రాలట్లేదు. రిజర్వాయర్ మూత తీసి చూస్తే ఆయిల్ నల్లగా ఉంది. ఎప్పుడు మార్చిందో ఆ దేవుడికే తెలియాలి. బావకు విషయం అర్థమైంది. పెడల్ మెత్తబడి నేలకు దిగితే ఆయిల్ మరిగినట్టు. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు తట్టుకోలేని వేడి చూసినట్టు. జనం రెంటినీ "బ్రేకులు పోయాయి" అనే అంటారు, కానీ ఒకదానికి కొన్న వస్తువు రెండోదానికి పనికిరాదు.

బ్రేక్ ఆయిల్‌కు గాలిలో తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల లోపు మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీళ్లు చేరిన ఆయిల్‌కు అదే ప్రమాణం 155 డిగ్రీలతో సరిపెట్టుకుంటుంది. మరిగితే ఆవిరి పుడుతుంది. ఆయిల్ నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. కాలి బలమంతా ఆవిరిని నలపడానికే సరిపోయి, ప్యాడ్ దాకా ఏమీ చేరదు. అందుకే బావమరిది మూడో విడతలో మట్టిలోకి వెళ్లాడు. డిస్కు చిన్నదైనందుకు కాదు.

బావ రేసుల కోసం చేసే ఆయిల్ కొన్నాడు, 300 డిగ్రీలు దాటే దాకా మరగని రకం. సీలు తీయని సీసాలు. నాలుగు చక్రాల దగ్గరా పాతది పూర్తిగా బయటికి పోయేదాకా ఎయిర్ తీశాడు. నాలుగింటికీ ట్రాక్ ప్యాడ్లు వేశాడు. వెనక ప్యాడ్ల దగ్గర మాత్రం ఓ గంట తిప్పలు పడ్డాడు, ఎందుకంటే మియాటా వెనక క్యాలిపర్‌లోనే హ్యాండ్‌బ్రేక్ మర కూడా ఉంటుంది. ముందుదానిలా పిస్టన్‌ను నొక్కితే లోపలికి పోదు. వెనకున్న ఒక బోల్టు విప్పి, లోపల 4 మిల్లీమీటర్ల అలెన్ కీ పెట్టి తిప్పాలి. తెలియనివాళ్లు క్లాంపుతో నొక్కి ఆ మర పాడుచేసుకుంటారు. తర్వాత బంపర్ నుంచి ముందు డిస్కు నడిమికి గాలి తెచ్చే 3 అంగుళాల గొట్టాలు పెట్టాడు. బావమరిది క్యాలిపర్లకు పెట్టినదానిలో ఇదంతా కలిపి మూడో వంతు కూడా కాలేదు. మిగిలిన డబ్బుతో రోడ్డును అతుక్కునే మెత్తటి టైర్లు వేయించాడు.

రెండోసారి లగూనా సెకాలో ఏమైందో మీరు ఊహించే ఉంటారు. గుట్ట దాటగానే ఎర్ర బండి ముందు చక్రాలు తిరగడం మానేసి జారాయి, గట్టి టైర్ల కింద నుంచి పొగ లేచింది. 1990 బండి కనుక ఏబీఎస్ లేదు. వెనక బ్రేకులు దాదాపు ఖాళీగా కూర్చున్నాయి. తెల్ల బండి అంతకంటే ఆలస్యంగా బ్రేకు వేసి అంతకంటే ముందు ఆగింది. మూడో విడతలో పాత సీసా ఆయిల్ తన గుణం చూపించి, పెడల్ మళ్లీ మెత్తబడింది. బావమరిది పిట్‌లోకి వచ్చి, సలసలా కాలుతున్న డిస్కుల మీద పెడల్ అలాగే తొక్కిపట్టి స్నేహితుడితో కబుర్లాడాడు. ప్యాడ్ పదార్థం ఉన్నచోటే డిస్కుకు అంటుకుంది. ఆ తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకు.

"డిస్కులు వంగిపోయాయి బావా, నాసిరకం అంటగట్టాడు."

వంగలేదు. రేస్ ఇంజనీరు క్యారల్ స్మిత్ ఈ "వంగిన డిస్కు" మాట మీదే ఒక వ్యాసం రాశాడు. దాదాపు ప్రతిసారీ అది ఎగుడుదిగుడుగా అంటుకున్న ప్యాడ్ పొరేనని. కొత్త ప్యాడ్లు వేశాక బండిని పూర్తిగా ఆపకుండా, వేగం నుంచి పదేపదే గట్టిగా నెమ్మదించి, ఆ తర్వాత బ్రేకు తాకకుండా చల్లార్చమని పెట్టె మీద రాసేది ఈ పొర సమంగా పరుచుకోవాలనే. బావమరిది ఆ పెట్టెను కూడా డ్రాయర్లోనే పెట్టాడు.

ఇక్కడితో ఆపేస్తే పొదుపు మీద కథ అవుతుంది. ఏ బ్యాంకు క్యాలెండర్ వెనకో వేసుకోవచ్చు. కానీ కథ ఆగలేదు, ఎందుకంటే బావ నోరు ఆగలేదు.

"ఏమోయ్, మాజ్దా ఇంజనీర్లకు తెలియక చిన్న డిస్కు పెట్టారనుకున్నావా?" ప్రతి ఆదివారం భోజనాల దగ్గర ఇదే మాట. వచ్చినవాళ్లకు చెప్పడం, ఫోన్లో ఇండియాకు చెప్పడం. అలా చెప్పీ చెప్పీ "కంపెనీ డిస్కే చాలు" అనేది ఆయనకు సిద్ధాంతమైపోయింది. ఆ చలికాలంలో తెల్ల బండికి టర్బో పెట్టించాడు. 115 గుర్రాల ఇంజను 200 గుర్రాలైంది.

వసంతంలో మళ్లీ లగూనా సెకా. గుట్ట దగ్గర ఇప్పుడు వేగం 160 కాదు, 190. చూడటానికి 30 కిలోమీటర్లే పెరిగింది. కానీ వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు కనుక, 190 నుంచి 65కి దించడంలో పుట్టే వేడి మునుపటికి దాదాపు ఒకటిన్నర రెట్లు. డిస్కు అదే 235. ఒక్క రోజులో ముందు ప్యాడ్లు ఇనుప పలక దాకా అరిగాయి. డిస్కుల మీద వెంట్రుక పాటి చీలికలు. ఇంకా గట్టి ప్యాడ్లు తెప్పించాడు, గాలి గొట్టాలు మార్చాడు, కొత్త డిస్కులు వేశాడు. మళ్లీ చీలికలు, ఈసారి ఒకటి అంచు దాకా. సిద్ధాంతం ఉంది కనుక అలా ఇంకో రెండు జతల డిస్కులు మార్చాడు. వాటి ఖర్చు ఎవరికీ చెప్పలేదు.

ఒక రాత్రి ఫోన్ చేశాడు.

"ఏమోయ్, ఆ ఎర్రవి ఇంకా ఉన్నాయా?"

"ఏ ఎర్రవి బావా?"

"అదే, నాలుగు పిస్టన్లవి."

"ఓ, అవా. మాజ్దా ఇంజనీర్లకు తెలియనివి?"

బావ ఒక్క క్షణం ఊరుకుని, "ఎంతకిస్తావో చెప్పు" అన్నాడు.

"కొన్న ధరకే. బావగారు కాబట్టి."

అవే క్యాలిపర్లు, అవే డిస్కులు. కానీ బావ వాటిని ఒంటరిగా బిగించలేదు. 1994 నుంచి వచ్చిన 1.8 లీటర్ల మియాటా వెనక బ్రేకులు పాత బండ్ల విడిభాగాల దుకాణంలో వెతికి తెచ్చి, వాటి బ్రాకెట్లతో సహా వెనక పెట్టాడు. ముందూ వెనకల మధ్య ఆయిల్ ఒత్తిడిని పంచే కంపెనీ వాల్వు తీసేసి, చేత్తో తిప్పి సర్దుకునే వాల్వు పెట్టాడు. 7/8 అంగుళాల మాస్టర్ సిలిండర్ స్థానంలో 15/16 అంగుళాలది వేశాడు. తొక్కుకు 15 శాతం ఎక్కువ ఆయిల్ పంపుతుంది కనుక పెద్ద పిస్టన్లకు తగ్గట్టు పెడల్ పైకి వచ్చింది. కత్తిరించిన అట్టతో చక్రాలు ముందే కొలిచాడు. ఖాళీ చోట నాలుగైదు రకాలుగా ఆగి చూసి, ముందు చక్రాలు వెనకవాటికంటే ఒక్క పిసరు ముందు జారేలా వాల్వు సర్దాడు. వెనకవి ముందు జారితే బండి గిర్రున తిరిగిపోతుంది.

బావమరిది తన బండికి పాత చిన్న డిస్కులు మళ్లీ ఎక్కించి, సీలు తీయని ఆయిల్ పోసి, ట్రాక్ ప్యాడ్లు వేశాడు. బావ ఇచ్చిన డబ్బులో సగంతో మెత్తటి టైర్లు వచ్చాయి. ఆ వేసవిలో లగూనా సెకాలో ఇద్దరి పెడళ్లూ సాయంత్రం దాకా గట్టిగానే ఉన్నాయి.

ఇక నీతి: బ్రేకుల్లో ఓడిందేదో తేలే దాకా పైసా తీయకూడదు, తేలాక పిసినారితనం చేయకూడదు.

చెప్పడానికి చిన్న మాటే. పాటించడం కష్టం, ఎందుకంటే పెడల్ నేలకు దిగిన క్షణంలో మనకు తెలిసేది భయం ఒక్కటే. ఆయిల్ మరిగిందో, ప్యాడ్ మాడిందో, టైరు జారిందో భయం చెప్పదు. భయపడ్డవాడు దుకాణంలో ఉన్నవాటిలో పెద్దది కొంటాడు, అందులోనూ చక్రం సందుల్లోంచి కనపడేది కొంటాడు. ఆయిల్ మార్చిన సంగతి పార్కింగ్‌లో ఎవరికీ కనపడదు. హైదరాబాద్ యాక్సెసరీ షాపుల్లో మామూలు క్యాలిపర్ మీద తొడగడానికి ఎర్ర ప్లాస్టిక్ తొడుగులు దొరుకుతాయి. వాటిని చూసి నవ్వుకుంటాం గానీ, బావమరిది కొన్నదాంట్లో మొదటి రెండు నెలలూ పనిచేసింది ఆ తొడుగు పాటి భాగమే. ఆ లెక్కన తొడుగు కొన్నవాడే నయం, వాడి ముందు వెనకల పొత్తు చెడలేదు.

ఒక్కసారి ఆగడంలో ఆఖరి మాట టైరుది. గట్టిగా తొక్కితే చక్రం జారే స్థితికి వస్తోందంటే, లేదా ఏబీఎస్ కొట్టుకుంటోందంటే, బ్రేకుల బలం సరిపోయినట్టే. మిగిలిందంతా రబ్బరుకీ రోడ్డుకీ మధ్య వ్యవహారం. మంచి రబ్బరు బండి బరువుకు సమానమైన బలంతో రోడ్డును పట్టుకుందనుకుంటే, 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి 39 మీటర్లు కావాలి. క్యాలిపర్‌లో పిస్టన్లు నాలుగున్నా పదున్నా ఆ 39 తగ్గదు. పెద్ద డిస్కు పనికొచ్చేది రెండోసారి, పదోసారి, ముప్పయ్యోసారి ఆగడానికి. టన్ను బండి 160 వేగంలో ఉంటే దానిలో దాదాపు 10 లక్షల జౌళ్ల శక్తి ఉంటుంది. మూడు లీటర్ల కుళాయి నీళ్లు మరిగించడానికి అది చాలు. అంత వేడీ మూడు నాలుగు సెకన్లలో కొద్దిపాటి ఇనుములోకి పోవాలి, మళ్లీ చుట్టు తిరిగొచ్చేలోగా గాలిలోకి పోవాలి. ఎంత గట్టిగా ఆగాలన్నది టైరును అడగాల్సిన ప్రశ్న. ఎన్నిసార్లు ఆగాలన్నదే డిస్కును అడగాల్సింది. బావమరిది మొదటి ప్రశ్నకు రెండోదాని జవాబు కొన్నాడు. బావ రెండో ప్రశ్న తన ముందుకొచ్చి నిలబడ్డా, మొదట్లో దొరికిన జవాబునే పట్టుకుని వేలాడాడు. నా దృష్టిలో బావదే పెద్ద తప్పు, ఎందుకంటే ఆయనకు విప్పి చూడటం వచ్చు.

ప్రశ్నను సరిగ్గా పట్టుకున్నవాళ్ల కథ ఒకటుంది. లె మాన్ 24 గంటల రేసులో మ్యూల్సాన్ అనే తిన్నటి దారి సుమారు 6 కిలోమీటర్లు. దాని చివర నడక వేగం అనిపించే మలుపు. 1950ల మొదట్లో దాదాపు కార్లన్నిటికీ డ్రమ్ బ్రేకులే. వేడెక్కితే డ్రమ్ము వ్యాకోచించి లైనర్లకు దూరంగా జరుగుతుంది, పెడల్ లోతుకు దిగుతుంది, లోపలి వేడి బయటికి పోయే దారి ఉండదు. బలంలో డ్రమ్ము తీసిపోదు. ఓడేది రాత్రంతా ప్రతి చుట్టులోనూ అదే పని చేయమన్నప్పుడు. జాగ్వార్ వాళ్లు డన్‌లప్‌తో కలిసి డిస్కు బ్రేకులు తయారుచేసింది దీనికే. డిస్కు గాలిలో బయటికి ఉంటుంది, వేడెక్కి మందం పెరిగితే ప్యాడ్ల వైపే పెరుగుతుంది. 1952లో రీమ్స్‌లో స్టిర్లింగ్ మాస్ డిస్కులున్న సి-టైప్‌తో గెలిచాడు. 1953 లె మాన్‌లో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన సి-టైప్ 24 గంటల సగటు 170 కిలోమీటర్లతో గెలిచింది. ఆ రేసులో సగటు గంటకు 100 మైళ్లు దాటడం అదే మొదటిసారి. డిస్కులున్న జాగ్వార్లు తిన్నటి దారి చివర మిగతావాళ్లకంటే ఆలస్యంగా బ్రేకు వేసేవి, తెల్లారాక కూడా అలాగే వేసేవి. 1955లో మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ డ్రమ్ములతోనే వచ్చింది, కానీ డ్రైవర్ వెనక ఒక పెద్ద రేకు తలుపు పెట్టుకుని వచ్చింది. బ్రేకు వేసేటప్పుడు అది లేచి గాలికి అడ్డం నిలబడుతుంది, డ్రమ్ముల మీద భారం తగ్గుతుంది. ఆ ఏటి రేసు ఘోర ప్రమాదంతోనే గుర్తుండిపోయింది, అది వేరే కథ. ఆ రేకు తలుపు మోటుగా కనిపించినా, వేడి ఎక్కడ పుడుతోందో తెలిసినవాళ్లు పెట్టిన తలుపది.

మనకు లగూనా సెకా లేదు, తిరుమల ఉంది. ఐదుగురితో, సామానుతో టన్నున్నర తూగే బండి ఘాట్ రోడ్డులో సుమారు 700 మీటర్లు కిందికి దిగుతుంది. ఆ దిగుడులో వదిలించుకోవాల్సిన శక్తి కోటి జౌళ్లు. బావమరిది రెండో మలుపులో ఒకసారి ఆగడానికి పెట్టినదానికి పదింతలకు తక్కువ కాదు. గంటకు 30, 40 వేగంలోనే దిగుతాం కనుక ఎవరికీ రేసులా అనిపించదు. న్యూట్రల్‌లో పెట్టి, పెడల్ మీద కాలు ఆనించి దిగేవాళ్లు ఆ కోటి మొత్తాన్నీ నాలుగు చక్రాలకే అప్పగిస్తారు. అలిపిరి దగ్గరకొచ్చేసరికి మాడిన వాసన. రెండో గేరులో దిగితే అందులో పెద్ద వాటా ఇంజను మింగుతుంది. వాసన వచ్చాక బండి ఆపి పెడల్ తొక్కిపట్టి కూర్చున్నా, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగినా ప్యాడ్ పొర డిస్కుకు అంటుకునేది అక్కడే. కాసేపు బ్రేకు తాకకుండా నడిపి చల్లార్చడం మేలు.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ కనుక ఆయిల్ త్వరగా నీళ్లు పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి మార్చాలన్నది చాలా కంపెనీలు చెప్పే మాట. సర్వీసుకిచ్చినప్పుడు అడిగితే "టాప్ అప్ చేశాం సార్" అంటారు. పైన పోసిన కొత్త ఆయిల్ పైనే ఉంటుంది. క్యాలిపర్ దగ్గర, వేడి తగిలేచోట ఉండేది పాతదే. నాలుగు చక్రాల దగ్గరా నిప్పిల్ విప్పి పాతది బయటికి తీయమని అడగండి, సీసా సీలు మీ ముందే తీయమనండి.